పాటను గుర్తుపడితే చాలు, పేరు మార్చొద్దు

“రాత్రి రన్ చేసి పడుకున్నా మామయ్యా, పొద్దున లేచేసరికి తాతయ్య పాటలన్నీ సెట్టయిపోయాయి” అని మా మేనల్లుడు ఫోన్ చేశాడు. వాడు ఉండేది కొండాపూర్‌లో, చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. తాతయ్యంటే వనస్థలిపురంలో ఉండే మా బాబాయి. పాటలంటే ఆయన ఏళ్ల తరబడి పోగేసి ఒక హార్డ్ డిస్కులో దాచుకున్న ఎంపీత్రీలు. ట్యాగులు, అంటే ఫైలు లోపలే రాసి ఉండే పాట వివరాలు, వాటంతటవే సరిచేసి, ఫోల్డర్లు సర్దిపెట్టే ప్రోగ్రాం ఒకటి దొరికిందట. డిస్కుకి కాపీ తీసి, ఆ కాపీ మీదే నడిపాడు. ఆ మాత్రం జాగ్రత్త పడ్డాడు కాబట్టే పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టుకుని చూసే వీలు నాకు దొరికింది.

సెట్టయిన మాట నిజమే. ఫోల్డర్లన్నీ ఒకే తీరులో ఉన్నాయి. ప్రతి పాటకీ నంబరు, ప్రతి ఆల్బమ్‌కీ అట్టబొమ్మ. పాటల పేర్ల చివర తోకల్లా వేలాడే డౌన్‌లోడ్ సైట్ల అడ్రసులు మాయం. ఇంతవరకూ నాకూ సంతోషమే.

తర్వాత కామెంట్ గడి చూశాను. బాబాయి అందులో తనకోసం ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాసుకునేవాడు. ‘సుల్తాన్ బజార్‌లో ఎక్కించినది, రెండో చరణం లేదు.’ ‘రేడియో నుంచి. చివర్లో అనౌన్సర్ గొంతు పడింది.’ ‘ఇది గ్రామఫోను పాట. సినిమాలో ఇంకో చరణం ఉంది.’ కొత్త డిస్కులో ఆ గడులన్నీ ఖాళీ. పాత ట్యాగులు చెరిపి కొత్తవి రాయమన్న చోట టిక్కు ఉంది, ప్రోగ్రాం చెప్పిన పని చేసింది.

సెట్టింగ్ ఒక్కటి మార్చుకుంటే పోయేదానికి ఇంత రాయడమెందుకని మీరనొచ్చు. మేనల్లుడూ అదే అన్నాడు. నాకలా అనిపించడం లేదు. పాటను గుర్తుపట్టడంలో ఈ ట్యాగర్లు నిజంగా గట్టివి. గుర్తుపట్టాక ఏం రాయాలన్నది మాత్రం, తెలుగు పాటల వరకూ, ఇంకా వాటి చేతిలో పెట్టే రోజు రాలేదు. గుర్తుపట్టనివ్వాలి, అడగనివ్వాలి, రాయడం మన చేతిలో ఉంచుకోవాలి. ఇంకా పెద్ద చిక్కు, అలా మనం రాసినది ఎవరి డిస్కులో వాళ్లకే ఉండిపోవడం. దాని దగ్గరికి చివర్లో వస్తాను.

పన్నెండు స్వరస్థానాల చెవి

ఈ ప్రోగ్రాములు పాటను ఎలా ‘వింటాయో’ తెలిస్తే సగం విషయం తేలిపోతుంది. పికార్డ్ లాంటి ట్యాగర్లు ఎకౌస్ట్ఐడీ అనే సేవను వాడతాయి, దాని లోపల పనిచేసేది క్రోమాప్రింట్. ముందు పాటను మోనో చేసి, సెకనుకు 11,025 శాంపిళ్లకు కుదిస్తుంది. మామూలుగా మొదటి 2 నిమిషాలే చూస్తుంది. ఏ క్షణంలో ఏ స్వరం ఎంత బలంగా ఉందో, మంద్రమా తారమా అన్న తేడా పక్కనపెట్టి, 12 అరల్లోకి పంచుతుంది. మన 12 స్వరస్థానాలే అనుకోండి, కాకపోతే శ్రుతి దానిది, మనది కాదు. ఆ అరల్లో జరిగే హెచ్చుతగ్గులనుంచి ఒక సంఖ్యల వరస తయారుచేసి డేటాబేస్‌లో వెతుకుతుంది.

ఫైలు పేరు ‘ట్రాక్ 07’ అని ఉన్నా పాట దొరుకుతుంది. 128 కేబీపీఎస్ ఎంపీత్రీ అయినా, సీడీ నుంచి నాణ్యత తగ్గకుండా తీసిన ఫ్లాక్ ఫైలు అయినా దొరుకుతుంది. ఇది చిన్న విషయం కాదు. కోఠి ఫుట్‌పాత్ మీద నూటయాభై పాటలని రాసి అమ్మిన ఎంపీత్రీ సీడీల్లో ఏ పాట ఏదో తెలియక వదిలేసిన వాళ్లకి ఆ విలువ తెలుసు.

అయితే పాత క్యాసెట్ల దగ్గరికి వచ్చేసరికి ఆ చెవి పనిచేయదు. రికార్డింగ్ సెంటర్‌కి లిస్టు రాసిచ్చి, ఖాళీ టీడీకే నైంటీ మీద పాటలు ఎక్కించుకున్న రోజులు కొందరికైనా గుర్తుండాలి. అక్కడి డెక్ కొంచెం వేగం, ఇంట్లో ప్లేయర్ కొంచెం నెమ్మది. పాట శ్రుతి అరమెట్టు అటో ఇటో జరిగేది. మనకి ఫరక్ పడదు, ఘంటసాల ఘంటసాలే. క్రోమాప్రింట్‌కి మాత్రం స్వరాలన్నీ పక్క అరల్లో పడ్డాయి కాబట్టి అది వేరే పాట. బాబాయి దగ్గర ఎక్కువగా ఉన్నవి ఇలాంటివే. చెవితో దొరకనప్పుడు చాలా ప్రోగ్రాములు ఉన్న ట్యాగులో అక్షరాలను పట్టుకుని ఊహిస్తాయి. తప్పులు ఎక్కువగా దొర్లేది అక్కడే. ‘తొలిప్రేమ’ అని ఉంటే 1998లో దేవా చేసిన సినిమానా, 2018లో తమన్ చేసినదా? ‘ఖుషి’ అంటే 2001 నాటిదా, 2023 నాటిదా? కొత్త డిస్కులో దేవా పాటలు తమన్ అట్టబొమ్మ కింద కూర్చున్నాయి. చూడ్డానికి ఎంత పద్ధతిగా ఉందంటే, తెలియనివాడు అనుమానించే అవకాశమే లేదు. పాత డిస్కులో అదే పాట సైటు అడ్రసు తగిలించుకుని, ఆల్బమ్ పేరే లేకుండా ఉండేది. దాన్ని చూసి ఎవరూ మోసపోరు. నాకు అసలు భయం ఇక్కడే: చెత్త చెత్తలా కనబడితే ఎవరైనా ఎప్పుడో ఒకప్పుడు దిద్దుతారు, నీటుగా సర్దిన తప్పును మళ్లీ తెరిచి చూసేవాడుండడు.

డబ్బింగ్ పాటలది ఇంకో ఇబ్బంది. ‘రోజా’ 1992 నాటి తమిళ సినిమా. తెలుగులో రాజశ్రీ రాసిన ‘చిన్ని చిన్ని ఆశ’ను పాడింది మిన్‌మిని, తమిళంలో పాడిందీ ఆవిడే, హిందీలోనూ ఆవిడే. వాద్యాలు అవే, వరస అదే, గొంతు అదే. మాటలు తెలియని చెవి ఈ మూడింటిని ఏ ఆధారంతో విడదీస్తుంది? సిగ్గుపడాల్సిన తప్పేమీ కాదది. కాకపోతే అలా పొరబడిన ప్రోగ్రాం నన్ను అడక్కుండానే రాజశ్రీ పేరు తీసేసి తమిళ కవి పేరు రాస్తే నాకు కోపం వస్తుంది.

ఆర్టిస్ట్ గడిలో ఎవరిని కూర్చోబెట్టాలి

ఎంపీత్రీల్లో ఉండే ఐడీత్రీ ట్యాగు 1996లో పుట్టినప్పుడు ఫైలు చివర అతికించిన 128 బైట్ల ముక్క. పాట పేరుకి 30 బైట్లు, ఆర్టిస్ట్‌కి 30, ఆల్బమ్‌కి 30. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కోటి 3 బైట్లు, గుణింతం గుర్తుకీ పొల్లుకీ విడిగా లెక్క. ‘బాలసుబ్రహ్మణ్యం’ అన్న ఒక్క మాటకే 45 బైట్లు కావాలి. బాలుగారు ఆయన పేరున్న గడిలో ఆయనే పట్టరు! తర్వాత వచ్చిన రెండో వెర్షన్లలో ఈ ఇరుకు పోయింది, యూనికోడ్ వచ్చింది, గీతరచయితకీ సంగీతకర్తకీ విడి గడులు వచ్చాయి. పోనిది ఆ మొదటి మూడు గడుల పెత్తనం. ప్లేయర్లన్నీ ఇప్పటికీ పాట, ఆర్టిస్ట్, ఆల్బమ్ అనే చూపిస్తాయి. ఒక బ్యాండు, ఆ బ్యాండు వేసిన ఆల్బమ్, అందులో పాటలు అనే లోకానికి సరిపోయిన కొలత అది.

మన లెక్క వేరు. వివిధ భారతి వింటూ పెరిగిన ఎవరినైనా అడగండి, పాట వివరాలంటే వరసగా చెప్తారు: చిత్రం, సంగీతం, రచన, గానం. ఒక్కో అనౌన్సర్‌ది ఒక్కో వరస కావచ్చు, నాలుగూ మాత్రం ఉండి తీరాలి. ఇందులో ఆర్టిస్ట్ ఎవరు? పాడినవాళ్లని పెడితే ఒకే సినిమా పాటలు నాలుగు చోట్లకి చెదిరిపోతాయి. సంగీత దర్శకుణ్ణి పెడితే గాయకుడి పేరుతో వెతికినప్పుడు ఏదీ దొరకదు. ‘వేరియస్ ఆర్టిస్ట్స్’ అని పెడితే డిస్కు మొత్తం ఆ ఒక్క పేరు కిందికే వస్తుంది. చాలామంది వెతికేది వీళ్లెవరి పేరుతోనూ కాదు. మా ఆవిడకి అది ‘శోభన్‌బాబు పాట’. హీరోకి గడి లేదు.

పేర్ల వరస సంగతి చెప్తే నవ్వొస్తుంది. జాబితాలో అమర్చడానికి ఆఖరి మాటే ఇంటిపేరనుకుని ముందుకు తెచ్చే అలవాటు కొన్ని ప్రోగ్రాములది. మనకి ఇంటిపేరు ముందుంటుందని వాటికెవరు చెప్పారు? దాంతో సాలూరి రాజేశ్వరరావు, పెండ్యాల నాగేశ్వరరావు, టి. చలపతిరావు, ఇంగ్లిష్‌లో ‘రావు’ విడిగా రాసిన పాపానికి, అందరూ ‘ఆర్’ దగ్గర ఒకే చోట తేలారు. ఒక తరం సినిమా సంగీతం మొత్తం రావుగారి ఖాతాలో పడింది.

‘శంకరాభరణం’ తీసుకోండి. సంవత్సరం గడిలో ఏం రాస్తారు? జాతీయ అవార్డులు వచ్చింది 1979 సంవత్సరానికి, సినిమా హాళ్లలోకి వచ్చింది 1980 ఫిబ్రవరిలో. కంపోజర్ గడిలో? సినిమాకి సంగీతం కె.వి. మహదేవన్. కానీ ‘బ్రోచేవారెవరురా’ మైసూరు వాసుదేవాచార్య కృతి, ‘పలుకే బంగారమాయెనా’ రామదాసుది, ‘మానస సంచరరే’ సదాశివ బ్రహ్మేంద్రులది. మిగతా పాటల్లో ఎక్కువ వేటూరివి. ఒకే క్యాసెట్‌లో ఒక్కో పాటకి ఒక్కో న్యాయం చెప్పాలి. బాబాయి వీటికి రాగం పేరు జానర్ గడిలో రాసుకున్నాడు, ఖమాస్ అని, ఇంకోటని. అసలు ఐడీత్రీ జానర్ల జాబితా 80 పేర్లతో మొదలైంది, అందులో 24 నంబరుది ‘సౌండ్‌ట్రాక్’. మేనల్లుడి ప్రోగ్రాం ఖమాస్‌ని తీసేసి సౌండ్‌ట్రాక్ అని రాసింది. తప్పా అంటే తప్పు కాదు. బాబాయికి దానివల్ల ఒరిగిందేమిటంటే, డిస్కులో ప్రతి పాటా సౌండ్‌ట్రాకే.

మేనల్లుడి వైపు నుంచి

వాడి మాటలూ వినాలి, కొన్నింటికి నా దగ్గర గట్టి జవాబు లేదు.

మొదటిది, బాబాయి రాసినదంతా వేదమా అని. కాదు. ఆ డిస్కులో లీల పాటలు కొన్ని సుశీల పేరు మీద ఉన్నాయి. విన్నవెంటనే తెలిసిపోతుంది. ఒకే గాయకుడి పేరు ఆరు రకాల స్పెల్లింగులతో ఆరు ఫోల్డర్లలో ఉంది. ఈ ఆరింటినీ ఒక్క పేరు కిందికి తేవడం ప్రోగ్రాం చిటికెలో చేసింది, మనిషి చేస్తే ఆదివారాలు కరిగిపోతాయి. ఒప్పుకుంటాను.

రెండోది, “ఎవడు అడుగుతాడు మామయ్యా ఒక్కో పాటకీ అవునా కాదా అని? వేల పాటలున్నాయి.” ఇదీ నిజమే. బీట్స్ అని కమాండ్ లైన్ మీద నడిచే ట్యాగర్ ఉంది, పైథాన్‌లో రాసినది. పోలిక ఎంత శాతమో చూపించి, అనుమానం ఉన్నచోట ఆగి అడుగుతుంది. పాశ్చాత్య సంగీతమైతే చాలావరకు పోలిక బలంగా కుదురుతుంది, అడిగేవి కొన్నే మిగులుతాయి. మన పాత పాటలకి డేటా పల్చన కాబట్టి అడుగడుక్కీ ఆగుతుంది. విసుగొచ్చి అన్నిటికీ ఎంటర్ కొట్టుకుంటూ పోతాం. అలా ఎంటర్ కొట్టేవాడి కంటే అడగని ప్రోగ్రామే మేలని ఎవరైనా అంటే కొట్టిపారేయలేను.

మూడోది స్ట్రీమింగ్. ఫోన్‌లో అన్నీ ఉండగా ఈ డిస్కులెందుకని. దీనికి మాత్రం జవాబుంది. రేడియో నుంచి పట్టిన పాట, అనౌన్సర్ గొంతుతో సహా, ఏ యాప్‌లోనూ లేదు. గ్రామఫోను పాట, సినిమా ట్రాకు పాట రెండూ వేర్వేరని చెప్పే యాప్ నాకు తగల్లేదు. యాప్‌లో పాటలు ‘గోల్డెన్ హిట్స్’ సంకలనాల కింద కనిపిస్తాయి, సంవత్సరం చూస్తే ఆ సంకలనం ఎక్కించిన సంవత్సరం. 1950ల పాట 2010ల పాటగా చెలామణి అవుతోంది. అడిగేవాడు లేడు.

అందుకే మధ్యేమార్గం ఒకటి వాడికి చెప్పాను. పికార్డ్‌లో ఫలానా ట్యాగులను తాకొద్దని జాబితా ఇచ్చుకోవచ్చు. బీట్స్‌లో ఫైలులోకి రాయడం పూర్తిగా ఆపేసి, వివరాలను దాని సొంత లైబ్రరీలో మాత్రమే ఉంచుకోవచ్చు. కామెంట్, జానర్ అలాగే ఉండాలి. సైట్ల అడ్రసులు పోవాలి. గాయకుల స్పెల్లింగులు ఒకటి కావాలి. సినిమా పేరు పక్కన సంవత్సరం పడాలి. మిగతావి ప్రతిపాదనగా చూపించాలి, అంతే. వాడు సరేనన్నాడు, సరదాకి కాదు, ఈసారి తాతయ్య పక్కన కూర్చుని చేస్తానన్నాడు.

దిద్దినదంతా ఎక్కడికి పోతోంది

ఇప్పుడు అసలు విషయం. పైన ప్రోగ్రాముల మీద ఇన్ని నేరాలు మోపాను కదా, వాటిలో సగానికి మూలం ప్రోగ్రాం కాదు. పికార్డ్, బీట్స్ లాంటివి పాటల వివరాలు తెచ్చుకునే మ్యూజిక్‌బ్రెయిన్జ్ డేటాబేస్ లోపలి ఏర్పాటు చూస్తే ఆశ్చర్యమేస్తుంది. అక్కడ ‘కృతి’ వేరు, దాన్ని పాడి రికార్డు చేసినది వేరు. కృతికి రచయిత, వరస కట్టినవారు. రికార్డింగ్‌కి గాయకులు. ఒక కృతికి ఇంకో భాషలో చేసిన రూపాన్ని విడిగా కలపొచ్చు. పేరుకి వేర్వేరు లిపుల్లో మారుపేర్లు ఇవ్వొచ్చు. వాసుదేవాచార్య చిక్కు, రాజశ్రీ చిక్కు, ఆరు స్పెల్లింగుల చిక్కు, అన్నింటికీ గడులు సిద్ధంగా ఉన్నాయి. గడులున్నాయి, నింపినవాళ్లే తక్కువ.

మనవాళ్లు బద్ధకస్తులని అనలేను. తెలుగు బ్లాగుల్లో పాటల సాహిత్యం టైపు చేసినవాళ్లు ఎంతమంది! ప్రతి పాట పైనా చిత్రం, సంగీతం, రచన, గానం తప్పకుండా ఉండేవి. కింద వ్యాఖ్యల్లో ‘అది ఆరుద్ర కాదండీ, ఆత్రేయ’ అని దిద్దినవాళ్లు, దానికి రికార్డు లేబులు చూసి ఒప్పుకున్నవాళ్లు. ఏ విశ్వవిద్యాలయమూ చేయించని పని అది. ఆ పనంతా మనిషి చదివే పేజీలుగా ఉంది, యంత్రం వాడుకునే డేటాగా లేదు. కొన్ని బ్లాగులు ఇప్పటికే తెరుచుకోవడం లేదు.

ఊరికే పనిచేసిపెట్టడం మీద ఉన్న అనుమానం నాకూ ఉంది, దానికి చరిత్ర కూడా ఉంది. 1990ల్లో సీడీల వివరాల కోసం సీడీడీబీ పుట్టింది. కంప్యూటర్‌లో సీడీ పెట్టినవాళ్లు పాటల పేర్లు తామే టైపు చేసి పంపేవాళ్లు. 1998లో దాన్ని ఒక కంపెనీకి అమ్మేశారు, తర్వాత అది గ్రేస్‌నోట్ అయింది, 2008లో సోనీ కొనుక్కుంది. జనం ఊరికే టైపు చేసిన పేర్లు వ్యాపారపు సరుకయ్యాయి. ఆ కడుపుమంటలోంచి వచ్చినవే ఫ్రీడీబీ, మ్యూజిక్‌బ్రెయిన్జ్. ఫ్రీడీబీ 2020లో మూతపడింది. మ్యూజిక్‌బ్రెయిన్జ్‌ని లాభాపేక్ష లేని ఫౌండేషన్ నడుపుతోంది. ముఖ్యమైన డేటా మీద ఎవరికీ హక్కుల్లేవని ప్రకటించారు, మొత్తం డేటాను ఎవరైనా దింపుకోవచ్చు. రేపు అదీ మూతపడినా మన దగ్గర కాపీ ఉంటుంది. నా అనుమానం పూర్తిగా పోలేదు, కానీ బాబాయి డిస్కులోనో, ఇంకెవరి బ్లాగులోనో ఉండిపోవడం కంటే ఇది నయమని తేల్చుకున్నాను.

ఇలా మ్యూజిక్‌బ్రెయిన్జ్‌లోకి ఎక్కించడం మొదలుపెట్టాక తగవులూ మొదలయ్యాయి. ‘మాయాబజార్’ తెర మీద సంగీతం ఘంటసాల. మొదట ఆ సినిమాకి కొన్ని వరసలు కట్టి మధ్యలో తప్పుకున్నది సాలూరి రాజేశ్వరరావు. ‘లాహిరి లాహిరి’ వరస ఆయనదేనని చెప్తారు. తెర మీద ఏ పేరుంటే అదే రాయాలంటాడు బాబాయి, మనం కోర్టు కాదని ఆయన వాదన. కృతికి ఒకరి పేరు, సినిమాకి ఇంకొకరి పేరు పెట్టే వీలుండగా ఎందుకు దాచాలంటాడు మేనల్లుడు. ఆధారంగా ఏం చూపిస్తావని బాబాయి. పాత పత్రికలు వెతుకుతానని వీడు. నేను మేనల్లుడి వైపే, కాకపోతే బాబాయి అడిగిన ఆధారం దొరికేదాకా ఆ గడి ఖాళీగా ఉంచమన్నాను. ఈ శనివారం ఇద్దరూ సిటీ సెంట్రల్ లైబ్రరీకి వెళ్తున్నారట, నన్నూ రమ్మన్నారు.